మిద్దెతోట మట్టి లెక్క: 13 తొట్లకు ఎన్ని లీటర్లు?

నెల్లూరులో ఒక మిద్దె. 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలు 8, గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) 4, అడ్డంగా కోసిన 200 లీటర్ల నీలం డ్రమ్ము సగం 1. కుండీల్లో వంగ, మిర్చి, బ్యాగుల్లో టమాటా, డ్రమ్ములో నిమ్మ అంటు. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి మట్టి పని సెప్టెంబరులోనే తెమలాలి. తడిసిన ఎర్రమట్టి జల్లెడలో దిగదు, మెట్లెక్కించడం ఇంకా కష్టం.

సెప్టెంబరు, మొదటి ఆదివారం. కొలతలు.

అంగట్లో 12 అంగుళాల కుండీ అంటే పై అంచు బయటి వెడల్పు. ఆ 30.5 సెం.మీ.ను, బయటి ఎత్తు 28 సెం.మీ.ను పట్టుకుని గొట్టం లెక్క కడితే 20 లీటర్లు దాటుతుంది. నిజంగా పట్టేది అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అంచు మందం, కిందికి సన్నబడే వాలు, పైన వదిలే ఖాళీ, మూడూ కలిసి మిగతాది మింగేస్తాయి.

అందుకని టేపు లోపల పెట్టాలి. పైన లోపలి వెడల్పు 29, అడుగున 21, మట్టి నింపే ఎత్తు 24 సెం.మీ. ఇప్పుడు 29×29 = 841, 21×21 = 441, 29×21 = 609. మూడూ కూడితే 1,891. దాన్ని 24తో, వచ్చినదాన్ని 0.262తో (π÷12) గుణిస్తే సుమారు 11,890 ఘన సెం.మీ. వెయ్యితో భాగిస్తే 11.9 లీటర్లు. నమ్మకం కుదరకపోతే కుండీలో చిల్లులేని పాలిథిన్ కవరు పరిచి లీటరు సీసాతో నీళ్లు పోసి చూడొచ్చు. 24 సెం.మీ. గీత దగ్గరికి పన్నెండో సీసాలో గుక్కెడు మిగిలింది. వంకర టింకర కుండీలకూ, పూల డిజైన్ల సిమెంటు తొట్లకూ ఈ నీళ్ల లెక్కే మేలు.

గ్రో బ్యాగు దగ్గర ఇంకో తిరకాసు. ఖాళీ సంచిని నేలమీద పరిచి వెడల్పు కొలిస్తే 48 సెం.మీ. వచ్చింది. అది వ్యాసం కాదు, చుట్టుకొలతలో సగం. వ్యాసమే అనుకుని లెక్క కడితే ఒక్కో బ్యాగుకు 47 లీటర్లు తేలుతుంది! చుట్టుకొలత 96, 96×96ను నింపే ఎత్తు 26తో గుణించి 12.57తో (4π), ఆపై వెయ్యితో భాగిస్తే 19 లీటర్లు. ఇదీ అసలు అంకె.

డ్రమ్ము గొట్టమే కాబట్టి తేలిక: లోపలి వ్యాసం 57, నింపేది 38 సెం.మీ., 97 లీటర్లు. నిమ్మ మొక్కతో వచ్చే కవరు మట్టి ఓ 6 లీటర్లు ఉంటుంది గానీ దాన్ని తీసెయ్యలేదు.

మొత్తం: కుండీలకు 95, బ్యాగులకు 76, డ్రమ్ముకు 97. వెరసి 268 లీటర్లు.

రెండో ఆదివారం. సరుకు.

మట్టి కలిపితే తగ్గుతుంది, నీళ్లు పోస్తే దిగుతుంది. అందుకని 268ని 1.25తో గుణించి 335 లీటర్ల విడి సరుకు అనుకున్నాం. అందులో ఎర్రమట్టి 134, మాగిన పశువుల ఎరువు 84, నానబెట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 84, వరి ఊక 33.

లీటర్లను సంచుల్లోకి మార్చుకోకపోతే కొనడం కుదరదు. 50 కిలోల సిమెంటు సంచి నిండా సుమారు 35 లీటర్లు పడుతుంది, కాబట్టి మట్టి నాలుగు సంచులు. 25 కిలోల బియ్యం సంచిలో 30 లీటర్ల పైచిలుకు. ఎరువు మూడు, ఊక ఒకటి. ఊకకు వెతకనక్కర్లేదు, రైసు మిల్లు లేని దారి ఈ జిల్లాలో ఏదీ? కోకోపీట్ 5 కిలోల దిమ్మను 25 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు కడిగి పిండాక 68 లీటర్లు తేలింది. మిగతా 16 లీటర్లకు 650 గ్రాముల ఇటుకలు రెండు. కడగడం మానకూడదు, పీచులో ఉప్పు ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు, కుళాయి నీళ్లే వాడాలి.

నల్లరేగడి ఊరికే దొరుకుతుందని కుండీల్లో నింపితే వేసవిలో తెలుస్తుంది. ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి అడుగు చిల్లుకు పోతాయి. పైన తడి, కింద కారుతున్న నీళ్లు, మధ్యలో వేళ్లు మాత్రం పొడి. రేగడి తప్ప వేరే గతి లేకపోతే మొత్తంలో అయిదో వంతు దాటనివ్వకండి. తక్కిన మట్టి వాటాకు పెన్న ముతక ఇసుక కలపండి.

అదే రోజు సాయంత్రం. కలపడం.

పట్ట పరిచి, మట్టిని ఇసుక జల్లెడతో జల్లించి, పొరలు పొరలుగా పోసి మూడుసార్లు తిరగెయ్యాలి. పిడికిట్లో పడితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. వేపపిండి కుండీకి 50 గ్రాములు.

కలిపిన కుప్పను 10 లీటర్ల బకెట్‌తో కొలిస్తే 29 బకెట్లే. 335 పోస్తే 290! సన్న మట్టి పోయి ఊక, పీచు సందుల్లో కూర్చుంటుంది, పోయిన 45 లీటర్లు అవే.

కుండీ అడుగున రెండంగుళాల కంకర వేసే అలవాటు చాలామందికి ఉంది. ఈ కుండీలో దానికి సుమారు 1.9 లీటర్ల చోటు పోతుంది, నీళ్లు దిగడం మాత్రం మెరుగుపడదు. సన్న మట్టిలోని నీరు ముతక రాళ్లలోకి అంత తేలిగ్గా జారదు, రాళ్ల మీదే మట్టి చిత్తడిగా నిలుస్తుంది. మట్టి కారకుండా చిల్లుకు దోమతెర ముక్క చాలు.

పైన వదిలిన 3 సెం.మీ. ఖాళీ వృథా కాదు. ఈ కుండీలో అది సుమారు 2 లీటర్ల నీళ్లు పట్టే చోటు. అంచుదాకా నింపితే రోహిణీ కార్తెలో ఎంత పోసినా పక్కకు పొర్లుతుంది, నవంబరు జడివానలో మట్టే పొర్లుతుంది.

బరువు. ఈ మిశ్రమం బాగా తడిస్తే లీటరు 1.25 కిలోలు తూగింది. కుండీ 15 కిలోలు, పర్వాలేదు. డ్రమ్ము మట్టి మాత్రం 120 కిలోలు, అదీ పావు చదరపు మీటరు చోటులో. జనం తిరిగే మిద్దెలకు భారత ప్రమాణం లెక్కించే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. డ్రమ్మును శ్లాబు నడుమ కాకుండా పిల్లర్ మీదికి జరిపి, ఆ తర్వాతే నింపాం. నిండాక జరపడం అయ్యే పని కాదు.

మూడో ఆదివారం. దిగుడు.

వారంపాటు రోజూ నీళ్లు పెట్టాక కుండీల్లో మట్టి 2 సెం.మీ. దిగింది, బ్యాగుల్లో 3. డ్రమ్ములో 4. అన్నీ మళ్లీ గీత దాకా తేవడానికి దాదాపు 29 లీటర్లు కావాలి. చేతిలో మిగిలింది 22. 1.25 చాలలేదన్నమాట. కలిపినప్పటి తరుగు, దిగుడు రెండూ లెక్కేస్తే 1.28 వస్తుంది, ఇకమీదట 1.3తోనే గుణించడం. లోటు 7 లీటర్లను ఇంకాస్త మట్టి, కాస్త ఎరువుతో సరిపెట్టాం.

డ్రమ్ము దిగాకే నిమ్మ నాటింది ఇందుకే. ముందు నాటి తర్వాత మట్టి పోస్తే అంటు కట్టిన చోటు పూడిపోతుంది, అక్కడ తడి నిలిచి కాండం కుళ్లుతుంది. అంటు ముడి మట్టికి జానెడు పైన ఉంది. టమాటాకు ఆ బెంగ లేదు, మట్టి ఎగదోసిన మేరకు కాండానికి కొత్త వేళ్లు పుడతాయి. బ్యాగుల్లో దిగిన మట్టిలోనే నాటి, మొక్క లేచేకొద్దీ మిగతాది పోస్తున్నాం.