అది ఇండియా బి టీమ్ కాదు

2022 డిసెంబరులో అమెరికా అండర్-19 అమ్మాయిల క్రికెట్ జట్టును ప్రకటించినప్పుడు ఆ జాబితా సోషల్ మీడియాలో తెగ తిరిగింది. కెప్టెన్ గీతిక కొడాలి, వైస్ కెప్టెన్ అనిక కొలన్. ఆ కింద లాస్య ముళ్ళపూడి, భూమిక భద్రిరాజు, సాయి తన్మయి ఎయ్యుణ్ణి. మిగతా పేర్లు కూడా మన దేశం మూలాలున్నవే. "ఇది అమెరికా టీమా, మన హైదరాబాద్ టీమా?" అని గుంటూరు నుంచి మా పెద్దన్నయ్య ఫోన్ చేసి మరీ నవ్వాడు. "ఇండియా బి టీమ్" అన్నవాళ్ళకైతే లెక్కే లేదు.

ఆ మాట మా అమ్మాయి చెవిన పడింది. అది పుట్టింది, పెరుగుతున్నది ఇక్కడే, నార్త్ కరోలినాలో. "ఇక్కడి జెర్సీ వేసుకుని ఆడుతుంటే ఇండియా బి టీమ్ అంటారేంటమ్మా? రేపు నేను ఆడినా అంతేనా?" అని అడిగింది. స్కూల్లో "అసలు మీది ఏ దేశం?" అని అడిగేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఊరికి వెళ్తే "అమెరికా పిల్ల" అంటారు. క్రికెట్ దగ్గర కూడా నువ్వు ఇక్కడి దానివి కాదంటే పిల్ల ఇంక ఎక్కడ నిలబడాలి? అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోవడం లేదు.

పేర్లు మనవే. కానీ ఆ అమ్మాయిలు క్రికెట్ నేర్చుకునే తీరు మనకు తెలిసిన తీరు కాదు. ఆ జట్టు 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో ఆడిన అండర్-19 ప్రపంచకప్‌నే భారత్ గెలిచింది. ఆ భారత జట్టులో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఉంది. కూతురి ఆట కోసం ఆ కుటుంబం ఊరు వదిలి సికింద్రాబాద్‌కు మారింది. అది చిన్న త్యాగం కాదు. అయితే అక్కడికి చేరాక కోచ్‌లు, నెట్స్, రాష్ట్ర జట్టు, ముందు నడిచిన మిథాలీ రాజ్ లాంటి పేరు, అన్నీ ఒక దారిలో ఉంటాయి. ఇక్కడ ఆ దారి ఇప్పుడిప్పుడే పడుతోంది. మా వైపు చాలా స్కూళ్ళలో క్రికెట్ లేదు. అమ్మాయిలు చాలక అబ్బాయిల జట్లలోనే కలిసి ఆడతారు. చలికాలమంతా ఇండోర్ నెట్స్. మా ఏరియాకు మోరిస్‌విల్‌లో చర్చ్ స్ట్రీట్ పార్క్ ఉండటం మా అదృష్టం. 2023లో అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. అంత మంచి పిచ్ దగ్గర్లో లేని ఊళ్ళే ఎక్కువ. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే కిట్ బ్యాగ్ కారులో వేసుకుని గంటల తరబడి డ్రైవ్ చేసే తల్లిదండ్రులు ఎంతోమంది నాకు తెలుసు.

పైగా దీనివల్ల కాలేజీ సీటుకో ఫీజుకో ఒరిగేది పెద్దగా లేదు. సాఫ్ట్‌బాల్ బాగా ఆడే అమ్మాయికి యూనివర్సిటీ స్కాలర్‌షిప్ రావచ్చు. క్రికెట్ ఇక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఆటల్లోనే లేదు. "అంత కష్టపడేదేదో టెన్నిస్‌లో పడొచ్చుగా" అని నాతోటి తల్లులే అంటారు. ఆ లెక్క నాకూ తెలుసు. అయినా ఏ లాభమూ చూసుకోకుండా పిల్ల తనంతట తాను ఎంచుకున్న ఆట మీద నాకు గౌరవం ఉంది.

అమెరికా మహిళల సీనియర్ జట్టు సంగతి చూడండి. తొలి టీ20 అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2019 మేలో, ఫ్లోరిడాలోని లాడర్‌హిల్‌లో, కెనడా మీద. కెప్టెన్ సింధు శ్రీహర్ష. ఆ సిరీస్ గెలిచారు. 2022లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) వన్డే హోదా, అంటే వాళ్ళ వన్డేలకు అధికారిక గుర్తింపు ఇచ్చింది, 2025లో అది పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐసీసీ అమెరికా క్రికెట్ బోర్డునే సస్పెండ్ చేసింది. జట్ల ఆట ఆగదని చెప్పారు కానీ, పెద్దల తగాదాల వల్ల పిల్లల భవిష్యత్తు ఏమవుతుందోనన్న టెన్షన్ మా అందరికీ ఉంది. ఇన్ని ఒడిదుడుకుల మధ్య ఆడుతున్న జట్టును ఎవరికో నకలు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అన్నట్టు ఆ జట్టంటే మన పేర్లే కాదు. మా అమ్మాయికి అందరికన్నా ఇష్టమైన బౌలర్ టారా నోరిస్. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఎడమచేతి వాటం పేసర్. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ తరఫున బెంగళూరు మీద 29 పరుగులకు 5 వికెట్లు తీసింది. ఆ లీగ్‌లో ఎవరికైనా అదే మొదటి ఐదు వికెట్ల ప్రదర్శన. మన దేశపు లీగ్‌లో ఆ రికార్డు అమెరికా అమ్మాయి పేరున ఉంది. మా పెద్దన్నయ్యకు ఆ సంగతి మా అమ్మాయే చెప్పింది. "అయితే నీ టీమ్‌లో గట్టివాళ్ళే ఉన్నారే" అన్నాడు. నీ టీమ్ అన్న ఆ మాటకు అది ఎంత సంబరపడిందో!

2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. పోమోనాలో ఆడతారు, మహిళల్లో ఆరు జట్లే. తల్లిదండ్రులు ఇక్కడొక సంగతి ముందే తెలుసుకోవాలి. ఐసీసీ మ్యాచ్‌లకు మూడేళ్ళ నివాసం ఉన్నా చాలు, కానీ ఒలింపిక్స్‌కు ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్న ఇళ్ళ పిల్లలు ఎంత బాగా ఆడినా ఆ తలుపు తెరుచుకోదు. మా అమ్మాయి స్నేహితురాలిది అదే పరిస్థితి. ఆ పిల్లకు ఏం చెప్పాలో వాళ్ళమ్మకూ తెలియదు, నాకూ తెలియదు.

మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మన తెలుగు సంఘాలు క్రికెట్ టోర్నమెంట్లు పెడుతుంటాయి. మా వైపు నేను చూసినవన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళకు ఉంటే త్రోబాలో ముగ్గులో. ఈ ఏడాది మా ఊరి సంఘం వాళ్ళను నేను అడిగింది ఒక్కటే. ఆదివారం పొద్దున్న గ్రౌండ్‌లో మొదటి మూడు గంటలు అమ్మాయిలకు ఇవ్వండి, టెన్నిస్ బంతితో కాదు, లెదర్ బాల్‌తో. జట్టుకు పదకొండు మంది రాకపోతే ఆరుగురితో ఆడిస్తాం. స్కోరు రాయడానికి నేను వస్తాను. అంపైరింగ్‌కు ఇద్దరు నాన్నలు ఇప్పటికే పేరిచ్చారు.