99 మిల్లీమీటర్ల బోరు

పోయిన వేసవిలో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీకి ఒక గుంటూరు కుర్రాడు పాత కార్వెట్ (అమెరికా స్పోర్ట్స్ కారు) తెచ్చాడు. 2000 మోడల్, ఎల్ఎస్1 ఇంజన్. ఎల్ఎస్3 అదే కుటుంబంలో తర్వాత వచ్చిన పెద్ద ఇంజన్. దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మూడేళ్లు కూడబెట్టి కొనుక్కున్న బండి. నేను తెలుగువాణ్ణని తెలియగానే, "అన్నా, ఎల్ఎస్3 హెడ్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయి. పోర్టులు చాలా పెద్దవంట, వేసేద్దాం" అన్నాడు. రెండూ పాత దుప్పట్లో చుట్టి బండిలో పెట్టుకునే వచ్చాడు. హెడ్డంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునేది, వాల్వులు అందులోనే ఉంటాయి. పోర్టులంటే అందులో గాలి వెళ్లే దారులు.

మాది విజయవాడ. ఆటోనగర్‌లో పదిహేనేళ్లు లారీ హెడ్లు విప్పాను. వాల్వులకు పేస్టు రాసి నూరడం, సీట్లు కోయడం, లేత్ షాపుకి మోసుకెళ్లి ఫేసింగ్ చేయించడం. అక్కడ ఏ బండికి ఏ హెడ్డు వచ్చిందో దాన్నే బాగుచేస్తాం, పగిలితే అలాంటిదే ఇంకోటి తెస్తాం. ఒకే ఇంజన్‌కి ఇన్ని రకాల హెడ్లు ఉంటాయని, వాటిలోంచి ఒకటి ఏరుకోవడమే సగం పనని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఆ కుర్రాడికి మాటలతో చెప్పలేదు. ఎల్ఎస్1 హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ, సిలిండర్లుండే బ్లాకుకీ మధ్య వేసే పలచటి పొర) ఒకటి తీసి వాడు తెచ్చిన హెడ్డు మీద పరిచాను. ఎల్ఎస్1 బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 99 మిల్లీమీటర్లు. ఎల్ఎస్3 ఇన్‌టేక్ వాల్వు (గాలిని లోపలికి వదిలేది) ఒక్కటే 55. గ్యాస్కెట్ రింగు దగ్గర వాల్వు అంచు మీద వేలు పెట్టి చూపించాను. వాల్వు తెరుచుకుని కిందికి దిగితే సిలిండర్ గోడకు తగులుతుంది. ఆ హెడ్డుకి బోరు కనీసం 101.6 ఉండాలి, ఎల్ఎస్3 బోరైతే 103 దాటుతుంది. పైగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (పోర్టులకు గాలి పంచేది), రాకర్లు (వాల్వుల్ని నొక్కేవి) కూడా మార్చాలి. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ మనసు చివుక్కుమంది.

"ఈ బండి రోజూ ఎక్కడ నడుపుతావు తమ్ముడూ?" అని అడిగాను. షార్జాలో ఇల్లు, దుబాయ్‌లో ఆఫీసు. పొద్దున గంటంబావు ట్రాఫిక్, సాయంత్రం అంతకంటే ఎక్కువ. అంటే ఇంజన్ ఎక్కువసేపు తక్కువ ఆర్‌పీఎంలోనే తిరుగుతుంది. బందరు కాలువ వెడల్పుగా ఉన్నచోట నీళ్లు నిదానంగా కదులుతాయి, ఇరుకైన చోట ఉరుకుతాయి. పోర్టులో గాలీ అంతే. ఎల్ఎస్3 పోర్టు దాదాపు 260 సీసీ, ఎల్ఎస్1 కంపెనీ పోర్టు 200. అంత పెద్ద పోర్టులో ఇంత చిన్న ఇంజన్ పీల్చే గాలి కింది ఆర్‌పీఎంలో వేగం అందుకోలేదు. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి మొద్దుగా ఉంటుంది. అందుకే ఆ బోరుకి సరిపోయే 215 సీసీ ఆఫ్టర్‌మార్కెట్ (వేరే కంపెనీలు చేసే) హెడ్లు చూశాం. చర్చి కిటికీలా పైన కోసుగా ఉండే పోర్టు, ఎల్ఎస్1కి మొదటినుంచీ ఉన్న ఆకారమే.

తర్వాత చాంబర్ సంగతి, అంటే హెడ్డులో పెట్రోలు మండే గుంట. చాంబర్ చిన్నదైతే కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందో ఆ లెక్క, పెరుగుతుంది. కంపెనీ చాంబర్ 67 సీసీ, కంప్రెషన్ పదింపావు లోపు. 64కి దిగితే పదిన్నర. 58 దాకా వెళ్తే పదకొండు దాటిపోతుంది. ఇక్కడ బంకుల్లో 98 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది కానీ జూలైలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ట్రాఫిక్‌లో నిలబడిన ఇంజన్ నాకింగ్‌కి వస్తే, అంటే లోపల పెట్రోలు అదుపు లేకుండా దానంతటదే పేలితే, పిస్టన్లు పోతాయి. నేను 64 దగ్గరే ఆగమన్నాను.

హెడ్లు బిగించే రోజు బోల్టుల దగ్గర నేను ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఎల్ఎస్ బ్లాకులో హెడ్ బోల్టు రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. లోపల కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీరు) మిగిలితే బోల్టు బిగించేకొద్దీ ఆ నీటికి పోయే దారి ఉండదు, బ్లాకు చీలుతుంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వేరే గ్యారేజీలో సరిగ్గా అదే జరిగింది. రంధ్రాలు గాలి కొట్టి ఆరబెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు, "త్వరగా కానివ్వు" అని మాత్రం చెప్పారు. ఆ బ్లాకు ఖరీదు నాలుగు నెలల జీతంలోంచి కోశారు. ఆ నాలుగు నెలలూ ఇంటికి పంపింది సగమే. మా ఆవిడ పిల్లాడి ఫీజుకి గాజులు తాకట్టు పెట్టిందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటినుంచీ ప్రతి రంధ్రంలో గుడ్డ చుట్టిన పుల్ల దించి, పొడిగా పైకొచ్చిందాకా కొత్త బోల్టు ముట్టను. పాత బోల్టులు మళ్లీ వాడను, అవి ఒకసారి సాగేవే.

చివరి పరీక్ష మట్టితో, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందు ఉందో చూడ్డానికి. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని మట్టి పిస్టన్ మీద పలచగా పరిచి, హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ విప్పాలి. మట్టిలో వాల్వు అచ్చు నెలవంకలా పడుతుంది. దాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పలచగా ఉన్నచోట కొలవాలి. ఇన్‌టేక్ దగ్గర కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర రెండున్నర ఉండాలి.

ఆ రాత్రి మట్టి ముక్క ఫొటో ఆటోనగర్‌లో మా మేస్త్రి గారికి పంపాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, చేతులు వణుకుతాయి. వెంటనే ఫోన్ చేశారు.

"ఎంతొచ్చిందిరా?"

"ఇన్‌టేక్ రెండున్నర, ఎగ్జాస్ట్ మూడండి."

"బ్లేడు తిన్నగా పెట్టే కోశావా?"

"పెట్టానండి."

"అయితే బిగించు."