పూతలపట్టు దాటాక ఆగిన బస్సు

2025 జూన్. తిరుపతి బస్టాండులో మధ్యాహ్నం ఒంటిగంటకు చిత్తూరు బస్సెక్కాను. నీళ్ల బాటిల్ మీద 20 రూపాయలని ఉంటే షాపువాడు 25 తీసుకున్నాడు, అడిగితే కూలింగుకి అన్నాడు. ఇంకోరోజైతే గొడవపడేవాణ్ణి. ఆరోజు ఓపిక లేదు. సాయంత్రం ఐదింటికి చిత్తూరులో అమ్మ మొదటి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. బైబిల్ వాక్యం చదవాల్సింది నేనే.

అమ్మ పోయినప్పటి నుంచి మందిరానికి వెళ్తున్నాను, పాడుతున్నాను, చందా ఇస్తున్నాను. లోపల మాత్రం ఏమీ లేదు. పలకరించిన ప్రతివాళ్లూ "అమ్మ ప్రభువు దగ్గరుంది, సంతోషంగా ఉండాలి" అనేవాళ్లు. ఆ మాట వింటే ఒళ్లు మండేది. సంతోషంగా లేకపోవడం కూడా నా తప్పే అయినట్టు. పైగా ఏడ్చేవాడికి విశ్వాసం తక్కువని నేనూ నమ్మేవాణ్ణి.

చంద్రగిరి, పాకాల క్రాసు, పూతలపట్టు. ఈ దారి ఎన్నిసార్లు తిరిగానో. బస్సులో సగం మంది కాణిపాకం వెళ్లేవాళ్లు. పూతలపట్టు దాటి కొంతదూరం పోయాక బస్సు ఆగింది. ముందు చూపు ఆనినంత దూరం ట్రాక్టర్లు, అన్నిట్లోనూ మామిడికాయలే. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర లైను రోడ్డు మీదికి వచ్చేసింది. ముప్పావు గంటయినా కదల్లేదు. కూడికకి ఆలస్యమవుతుందని ఒకటే టెన్షన్. బస్సు లోపల ఉడికిపోతున్నాం, దిగాను.

ఒక ట్రాలీ నీడలో గోనెసంచి పరుచుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. ముందు తోతాపురి కాయల కుప్ప. ఒక్కో కాయ తీసి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తోంది. వేలు లోపలికి దిగితే ఎడమ పక్కకి, గట్టిగా ఉంటే కుడి పక్కకి. సొన కారి వేళ్లు నల్లబడిపోయాయి. ఎడమ పక్క కుప్పే పెద్దది. చేతులు పని చేస్తుంటే నోట్లో సన్నగా ఒక కీర్తన. ఆ రాగం చెవిన పడగానే నిలబడిపోయాను, అమ్మ గిన్నెలు తోముతూ పాడేది అదే.

"మనోళ్లేనా నాయనా?" అంది నా ముఖం చూసి. అవునన్నాను. పక్కన చోటు చూపించింది.

"నాలుగు దినాలైంది ఈడికొచ్చి. రాత్రి పూట కూడా ఈడనే పండుకుంటాండాము. కాయ మాగిపోతాంది. ఫ్యాక్టరీ ఎనిమిది, గవర్నమెంటు నాలుగు, కిలోకి పన్నెండు అని చెప్పినారు గదా. గేటు కాడికి పోతే కదా ఆ ఎనిమిదైనా కనపడేది! కోత కూలి కూడా రాదు." చెబుతూ చెబుతూ ఏడ్చింది. కొంగుతో తుడుచుకుంది. "దేవుణ్ణి కూడా అడిగితిని. ఇంత కాపు ఎందుకిస్తివి, ఇచ్చి ధర ఎందుకియ్యకపోతివి అని."

ఇంతలో కొడుకు అన్నం పొట్లాలతో వచ్చాడు. లైను కదల్లేదని చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుని ఫ్యాక్టరీ వాళ్లని నాలుగు తిట్లు తిట్టింది. చేతులు కడుక్కుని, వద్దంటున్నా నాకూ పెరుగన్నం పెట్టింది. ఎక్కడికి పోతున్నావంటే చెప్పాను. అమ్మ పేరు అడిగింది.

కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ధర గురించి అడుగుతుందనుకున్నాను. అన్నానికి వందనాలు చెప్పింది. ట్రాలీ నీడకి చెప్పింది. తర్వాత అమ్మ పేరు పెట్టి, "ఆ బిడ్డను ఈ పిల్లోడికి అన్నేండ్లు ఇచ్చినావు, వందనాలు తండ్రీ" అంది. ఏడాదిగా ఎందుకు తీసుకుపోయావని అడగడమే తప్ప, ఇచ్చినందుకు ఒక్కసారి కూడా నేను థాంక్స్ చెప్పలేదు. అన్నం ముద్ద గొంతులో ఆగిపోయింది.

ఆమె మాత్రం కళ్లు తెరిచి నవ్వింది. ఏడ్చిన తడి ఇంకా ఆరనే లేదు, అయినా నిజమైన నవ్వు. "బైబిల్లో హబక్కూకు ప్రవక్త ఏమన్నాడు? చెట్టు కాయకపోయినా ఆనందిస్తా అన్నాడు. మా చెట్లు కొమ్మలిరిగేంత కాసినాయి. కాసి కూడా చేతికి రాని ఏడాది సంగతి ఆయన రాయలేదు. అది నేను కలుపుకుంటాండా" అంది.

వేలూరు ఆస్పత్రిలో టోకెన్ పట్టుకుని వరసలో కూర్చున్నప్పుడు అమ్మ బైబిల్లో ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, చదివేది. ఉన్నవి నాలుగు అధ్యాయాలే, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" దగ్గరికి వస్తే వేలితో గీత గీసేది. పౌలు ఇది బంధకాల్లో, జైల్లో ఉండి రాశాడురా అనేది. అప్పుడు నాకు అది పాఠంలా వినపడింది. అమ్మకి నొప్పి ఉండేది, భయం ఉండేది, కొన్ని రాత్రులు ఏడ్చేది కూడా. ఆ ఏడుపు పక్కనే ఆ ఆనందం కూడా ఉందని ఆరోజు ఆ రోడ్డు మీద నాకు తెలిసింది.

బస్సు హారన్ కొట్టింది. అవ్వ కుడి పక్క కుప్పలోంచి రెండు గట్టి కాయలు ఏరి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసింది.

చిత్తూరు చేరేసరికి ఆరు దాటింది. అందరూ నాకోసం ఆగి ఉన్నారు. 23వ కీర్తన చదవాలని అనుకుని బయల్దేరినవాణ్ణి, హబక్కూకు తీశాను. అవ్వ చెప్పిన మాట, అంజూరపు చెట్లు ఉన్న మూడో అధ్యాయంతో మొదలుపెట్టలేదు. "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" అన్న మొదటి అధ్యాయం నుంచి చదివాను. కూడికలో ఇదేం వాక్యం అన్నట్టు పెద్దమ్మ నా వైపు చూసింది. "నేను యెహోవాయందు ఆనందించెదను" దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. ఆ వచనం పెద్దమ్మే చూడకుండా పూర్తి చేసింది.

రాత్రి ఆ కాయలు కోసి ఉప్పు, కారం చల్లుకుని తిన్నాం. చేతికంటిన సొన బైబిల్లో ఆ పేజీ అంచుకి కూడా అంటింది. ఇప్పటికీ ఉంది.