ఏడు సూత్‌ల షెఫీల్డ్ కత్తి

పాత మంగలి కత్తిని బాగు చేయడమంటే అద్దంలా మెరిపించడమే అనుకునేవాళ్ళతో నాకు మొదటి నుంచీ పేచీయే. బఫింగ్ చక్రానికి ఆనించి, వందేళ్ళ మచ్చలన్నీ పోగొట్టి, ముఖం కనిపించేలా చేసి ఫోటో తీసి పెడతారు. చూడడానికి బాగానే ఉంటుంది. దానితో గడ్డం గీసుకోమంటే మాత్రం మాట దాటేస్తారు. కత్తిలో ఉన్న ఉక్కు ఎంతో అంతే, గీకేసింది మళ్ళీ రాదు. నా లెక్కలో బాగు చేయడమంటే వీలైనంత తక్కువ తీయడం, ఆ తీసినదానితోనే గడ్డం తెగేలా చేయడం.

బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో పని చేసి రిటైరయ్యాను. డైలు, పంచ్‌లు, గేజీలు చేసిన చేతులు ఇంట్లో ఊరికే ఉండవు. వెనక బాల్కనీలో ఒక బల్ల, చిన్న వైసు, మెడ వంచే దీపం, ఇవే నా వర్క్‌షాపు. గురువారం సాయంత్రం నేను గుమ్మంలోకి రాగానే "మళ్ళీ తుప్పు సామానేనా?" అని మా ఆవిడ అడుగుతుంది, "ఇదొక్కటే" అని నేనంటాను. గురువారం అంటే జుమ్మేరాత్ బజారు. పాత తాళాలు, ఆగిపోయిన గడియారాలు, కెమెరాలు, మూతల్లేని కూజాలు, వాటి మధ్య ఎప్పుడో ఒకసారి ఒక కత్తి.

కత్తి చేతికి రాగానే చాలామంది ముద్ర చూస్తారు. నేను వాదర, అంటే తెగే అంచు చూస్తాను. తుప్పు గుంటలు కత్తి నడుమ ఎన్ని ఉన్నా పట్టించుకోను. అవి వాదర దాకా పాకితే మాత్రం బేరం ఆడను. పైకి సన్నని చుక్కలా కనిపించే గుంట లోపల ఎంత లోతు తిన్నదో సానరాయి మీద పెట్టాక గానీ తెలియదు. అక్కడ వాదర నిలవదు, పొడిపొడిగా రాలుతుంది. తరవాత గోరుతో కత్తిని మీటి చూస్తాను. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టే. ఆ తరవాత వెన్ను. సాన పట్టేటప్పుడు వెన్ను, వాదర రెండూ రాయికి ఆని ఉంటాయి కాబట్టి వెన్ను కూడా అరుగుతుంది. ఆ అరుగుదల రెండు వైపులా సమానంగా ఉంటే కత్తి తెలిసినవాడి చేతిలో బతికిందని అర్థం.

పిడి తెల్లగా, దంతంలా ఉంటే రెండుసార్లు ఆలోచిస్తాను. అది చాలాసార్లు సెల్యులాయిడ్. రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. పాతబడిన సెల్యులాయిడ్ దానంతటదే కుళ్ళి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, దాని కత్తినే కాదు, అదే పెట్టెలో ఉన్న పక్క కత్తుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. నిజంగానే దంతమైతే అసలు ముట్టను. మన దేశంలో ఏనుగు దంతం అమ్మడం, కొనడం నేరం.

ఇప్పుడు చెప్పబోయే కత్తి పిడి గేదె కొమ్ముది. నల్లగా, ఎండిపోయి, ఒక మూల పురుగు కొరికి ఉంది. కత్తి వెడల్పు ఏడు సూత్‌లు. మంగలి కత్తుల వెడల్పును చాలాచోట్ల అంగుళంలో ఎనిమిదో వంతుల్లోనే కొలుస్తారు. మన వడ్రంగులు, ఫిట్టర్లు వాడే సూత్ కూడా అదే. అయిదు, ఆరు సూత్‌లవి మామూలు. ఏడు అంటే చేతికి బరువు తెలిసే కత్తి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే తోక మీద, అంటే వాదర లేని సన్నని వెనక భాగం మీద, షెఫీల్డ్ (కత్తులకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు) అని, దాని పైన 'సిల్వర్ స్టీల్' అని అక్షరాలు తేలాయి. చేసినవాడి పేరు సగం అరిగిపోయింది. ఇంగ్లండ్ అని ఎక్కడా లేదు. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల అక్కడికి వెళ్ళే సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది. అందుకే దేశం పేరు లేని కత్తి 1891కి ముందుదని సేకరణకారులు ఠక్కున తేల్చేస్తారు. హైదరాబాదుకు వచ్చిన కత్తికి అమెరికా చట్టంతో పనేముంది? దీని వయసు ముద్ర కంటే దీని ఆకారమే బాగా చెబుతుంది. వెన్ను నుంచి వాదర దాకా దాదాపు చదునుగా దిగే మేకు ఆకారం. చిన్న రాతి చక్రాల మీద రెండు వైపులా లోతుగా గుల్ల చేసి, కాగితంలా పలచన చేసే జర్మనీలోని సోలింగెన్ ఊరి పద్ధతి ఊపందుకోక ముందరి కత్తుల తీరు ఇది.

సిల్వర్ స్టీల్ నాకు కొత్త పేరు కాదు. టూల్‌రూమ్‌లో పిన్నులకు, పంచ్‌లకు వాడే గుండ్రటి కడ్డీని మేము సిల్వర్ స్టీల్ అనే అడిగేవాళ్ళం. అందులో వెండి ఇసుమంత కూడా లేదు. నునుపుగా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. కత్తి మీద అదే మాట చూసి, ఇదీ అంతేనేమో అనుకుని చదవడం మొదలుపెడితే కథ చాలా దూరం పోయింది.

విద్యుత్తు గురించి మనం బడిలో చదువుకున్న మైకేల్ ఫారడే అంతకు ముందు ఉక్కు మీద పని చేశాడు. లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలు, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆయనకు తోడు. స్టోడార్ట్ తన దుకాణం కార్డు మీద భారతదేశపు ఉక్కు ఊట్జ్‌ను యూరప్‌లోని మేలిరకం ఉక్కు కంటే మిన్నగా ఎంచుకున్నానని అచ్చు వేయించుకున్న మనిషి. 1819లో ఫారడే ఆ ఊట్జ్‌ను పరీక్షించి వ్యాసం రాశాడు. దానిలాంటి ఉక్కు తయారు చేయాలనే తపనతో ఇద్దరూ కలిసి రకరకాల లోహాలు కలిపి చూశారు. వెండి ఉక్కులో సరిగ్గా కలవదు. అయిదు వందల వంతుల ఉక్కుకు ఒక వంతు వెండి కలిపితేనే కుదిరిందని వాళ్ళు చెప్పారు. ఆ ప్రయోగాల్లో వచ్చిన ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. ఆ పేరుకు వచ్చిన గిరాకీ చూసి షెఫీల్డ్‌లో ఎంతోమంది తమ కత్తుల మీద సిల్వర్ స్టీల్ అని ముద్ర గుద్దారు. గుద్దిన వాళ్ళందరూ వెండి కలిపారంటే నేను నమ్మను. వ్యాపారం అప్పుడైనా ఇప్పుడైనా వ్యాపారమే.

నన్ను ఆపేసింది మాత్రం ఊట్జ్ ప్రస్తావన. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో అలాంటి ఉక్కే తీసేవారు. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కును చూసి లండన్‌లో ప్రయోగాలు, ఆ ప్రయోగాల పేరు చెప్పి షెఫీల్డ్‌లో ముద్ర, ఆ ముద్ర వేసుకున్న కత్తి మూసీ ఒడ్డున పాత సామాను గుట్టలో. బేరంలో యాభై రూపాయలు తగ్గించమని అడిగినందుకు ఇంటికొచ్చాక కాస్త సిగ్గేసింది.

ఇక పని. ముందు కొమ్మునూ కత్తినీ కలిపే రివెట్టు. దాని తల కిందున్న వాషర్ దెబ్బతినకుండా సన్న ఆకురాయితో తలను మాత్రం అరగదీసి, వెనక నుంచి సన్నని పంచ్‌తో మెల్లగా తోయాలి. ఎండిన కొమ్ము తొందరపెడితే చీలిపోతుంది. విడిపోయాక కొమ్ము చెక్కల్ని లిక్విడ్ పారాఫిన్‌లో నానబెట్టాను. విదేశాల్లో దీనికి పశువుల కాళ్ళ నుంచి తీసిన నూనె వాడతారు. ఇక్కడ మందుల దుకాణంలో దొరికేది ఇది. కొబ్బరినూనె పెట్టమని కొందరంటారు కానీ చలికాలంలో గడ్డకట్టి కొన్నాళ్ళకు కంపు కొడుతుంది. చెక్కల మధ్య అడుగున ఉన్న ముక్క సీసం. దాన్ని పొడిగా గీకకూడదు, తడిగుడ్డతో తుడిచి అలాగే ఉంచేశాను.

విడి కత్తిని మరిగే నీళ్ళలో వేశాను. ఎన్ని గడ్డాలు చూసిందో ఎవరికి తెలుసు? ఆ వేడికి ఉక్కు టెంపర్, అంటే కాల్చి తెచ్చిన గట్టిదనం, చెక్కు చెదరదు. టెంపర్‌కు అసలు ముప్పు బఫింగ్ చక్రం. వాదర దగ్గర ఉక్కు పలచన కాబట్టి రాపిడి వేడి అక్కడ క్షణంలో పోగుపడుతుంది. ముందు గడ్డి రంగు, తరవాత నీలం. నీలం తిరిగిందంటే దాదాపు మూడు వందల డిగ్రీలు దాటినట్టు. ఆ చోట ఉక్కు మెత్తబడిపోయింది, ఇక ఎన్ని రాళ్ళ మీద పట్టినా పదును నిలవదు. పైగా చక్రం కత్తిని లాక్కుని విసిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. అందుకే నా బల్ల మీద చక్రమే లేదు.

ఎర్ర తుప్పు పోవాలి, నల్ల మచ్చ ఉండొచ్చు. ఎరుపు ఇంకా ఉక్కును తింటున్న తుప్పు. నలుపు తినడం ఆగిపోయిన పొర, చాలావరకు కత్తికి అదే కాపలా. చెక్క పలక మీద కత్తిని పూర్తిగా ఆనించి, వాదర పలక దాటి బయటికి రాకుండా చూసుకుని, బెండు ముక్కకు ఆరు వందల నంబరు వాటర్ పేపర్ చుట్టి నూనె తడితో రుద్దాను. ఎప్పుడూ వెన్ను వైపు నుంచి, పొడవునా ఒకే దిశలో. తరవాత వెయ్యి, ఆ పైన రెండు వేలు. ముద్ర ఉన్న తోక జోలికి కాగితం పోనివ్వలేదు, అక్కడ గుడ్డా, వేలి గోరూ చాలు. గుంటల అడుగున నల్ల చుక్కలు మిగిలాయి. అవి పోవాలంటే చుట్టూ ఉన్న మంచి ఉక్కంతా తీయాలి. ఎందుకు తీయాలి?

కొత్త రివెట్టుకు రాణిగంజ్‌లో ఇత్తడి తీగ కొన్నాను. ఒకటి పాయింట్ ఆరు మిల్లీమీటర్లదే కావాలి, అది అంగుళంలో పదహారో వంతు. గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో కొట్టీకొట్టనట్టు చుట్టూ తట్టుకుంటూ పోతే తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మూస్తే కత్తి నడిమధ్య పడాలి, తెరిస్తే ఎక్కడ ఆపితే అక్కడ నిలవాలి. వదులైతే ఇంకో నాలుగు దెబ్బలు వేయొచ్చు, బిగిస్తే విప్పుకోవడమే గతి.

సాన పట్టడంలో మంగలి కత్తికి ఉన్న తెలివి నన్ను ఇప్పటికీ ముచ్చటపరుస్తుంది. వంటింటి కత్తికి కోణం మన చేతిలో ఉంటుంది. దీనికి కోణం కత్తిలోనే ఉంది. వెన్ను మందం వెర్నియర్‌తో చూస్తే ఆరు పాయింట్ మూడు, వెడల్పు ఇరవై రెండు మిల్లీమీటర్లు. పక్కలు రెండూ రాయికి ఆనితే వాదర కోణం పదహారు డిగ్రీలకు కొంచెం పైన. కత్తి చేసినవాడు ఆ రోజే నిర్ణయించి పెట్టేశాడు, మనం పడుకోబెట్టి తోయడమే. అయితే మేకు ఆకారపు కత్తికి ఒక చిక్కుంది: పక్క మొత్తం రాయికి తగులుతుంది, వాదర దగ్గర ఒత్తిడి పడదు, ఎంతకీ తెగదు. వెన్ను మీద ఒక పొర ఎలక్ట్రికల్ టేపు వేస్తే చాలు. వెన్ను అరగదు, రాయి వాదరను మాత్రమే అందుకుంటుంది.

వెయ్యి నంబరు రాయి మీద పని సగం కంటే ఎక్కువ. వాదర ముందుకు, వెన్ను వెనక, మడమ (వాదరకు పిడి వైపు కొస) నుంచి మొన దాకా ఏటవాలుగా, బరువు వేయకుండా. రాయి మీది నీళ్ళు వాదర ముందు సన్నని గీతగా లేచి, పొడవునా ఒకే తీరుగా కత్తి మీదికి ఎక్కాలి. ఎక్కడైనా నీరు కిందికి జారిపోతే అక్కడ రాయి తగలడం లేదు. కంసాలులు వాడే కంటి భూతద్దం పెట్టి చూస్తూ, ముంజేతి వెంట్రుకలు పొడవునా తెగేదాకా ఆ రాయి దిగను. తరవాత అయిదు వేలు, ఎనిమిది వేలు, పన్నెండు వేలు. అవి గీతలు మాపడానికే. బెల్జియం ఆర్డెన్ కొండల పసుపు రాయి ఒకటి ఉంది, సూక్ష్మమైన గార్నెట్ రేణువులున్న రాయి. దాని ధర చూసినప్పుడల్లా నా పన్నెండు వేల రాయి మీద ప్రేమ పెరుగుతుంది.

చివర తోలు పట్టీ. ఇక్కడ దిశ తిరగబడుతుంది, వెన్ను ముందు, వాదర వెనక. మా వీధి సెలూన్ పెద్దాయనకు కత్తి చూపిస్తే, పట్టీ అక్కర్లేదన్నట్టు అరచేతి మీదే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పారు. నాకు గుండె ఆగినంత పనైంది. తొంభైల్లో ఎయిడ్స్ భయం వచ్చాక అందరిలాగే ఆయనా సగం బ్లేడు పెట్టుకునే కత్తికి మారిపోయారట. వాళ్ళ నాన్నగారి పొదిలో ఇలాంటివి మూడు ఉండేవట, ఊళ్ళో ఏటా ఆ పనికి కూలిగా మేర ధాన్యం కొలిచేవాళ్ళట. "మీరు గీసేటప్పుడు అద్దం ఒకటే చూస్తున్నారు సార్, చప్పుడు కూడా వినండి. పదును తగ్గితే ముందు చెవికే తెలుస్తుంది," అన్నారు. నిజమే. గుల్ల కత్తి గడ్డం మీద సన్నగా పాడుతుంది. ఈ మేకు కత్తి గట్టిగా పలకదు, గరగరమని ఒక ముతక శబ్దం. బుగ్గ మీద హాయిగా పోయింది. పై పెదవి దగ్గర వెడల్పు అడ్డొస్తుంది, మొన తిప్పుకోవడం నేర్చుకోవాలి.

అమ్ముతారా అని అడిగేవాళ్ళకు: ఇది అమ్మను. ఇంట్లో తాతల నాటి కత్తి ఉన్నవాళ్ళకు: తుప్పు కనిపించగానే గరుకు కాగితంతో రుద్దకండి, కుట్టు మిషన్ నూనె పూసి గాలి ఆడే చోట పెట్టండి, మిగతాది నిదానంగా చూసుకోవచ్చు. ఇక నా బల్ల మీద ఇప్పుడున్నది సోలింగెన్ కత్తి, ఆరు సూత్‌లు, వాదర కడిగిన ముత్యం. సెల్యులాయిడ్ పిడి మాత్రం వంకరపోయి చిట్లుతోంది. దానికి రెండున్నర మిల్లీమీటర్ల మందంలో ఒక జానెడు గేదె కొమ్ము పలక కావాలి. కొమ్ము పని చేసేవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి, గురువారం తప్ప ఏ రోజైనా వస్తాను.