కారం ప్యాకెట్ మీద నల్ల మార్కు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైతే చుట్టుపక్కల ప్యాకింగ్ మెషిన్లకు ఊపిరి సలపదు. ఆ మెషిన్లు బాగుచేసే నా ఫోన్‌కూ అంతే. మొన్న ఒక కారం యూనిట్‌లో ఆపరేటర్ మాట వినగానే సగం రోగం తెలిసిపోయింది: "అన్నా, మెల్లగ నడిపితే మంచిగనే ఉంటది. స్పీడ్ పెంచితే ఒక ప్యాకెట్ సక్కగ తెగుతది, ఇంకోటి బొమ్మ మీదికెళ్లి తెగుతది."

ప్యాకెట్లు చేసే ప్లాస్టిక్ ఫిల్మ్ అంచున, ఎక్కడ తెగాలో చెప్పే నల్ల మార్కు ఉంటుంది. సెన్సర్ దాన్ని చూసిన చోటి నుంచి సర్వో (ఫిల్మ్‌ను లాగే మోటర్) సరిగ్గా 40 మి.మీ. లాగి ఆగాలి. ముందు సెన్సర్ లెన్స్ తుడిచాను. దాని మీద ఎప్పుడూ కారం పొర ఉంటుంది (ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే ఇక ఆ పూటకు పని బంద్). అసలు గొడవ వేరే. సెన్సర్ వైరు పీఎల్‌సీకి, అంటే మెషిన్‌ను నడిపే కంట్రోలర్‌కు వెళ్తోంది. దాని స్కాన్, అంటే సిగ్నల్‌ను ఒకసారి చూసి మళ్లీ చూసేలోపు పట్టే టైము, 10 మిల్లీసెకన్లు. ఫిల్మ్ సెకనుకు 300 మి.మీ. పరిగెడుతుంటే ఆ ఒక్క స్కాన్‌లోనే 3 మి.మీ. దాటిపోతుంది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆఫ్‌సెట్ (ఎప్పుడూ ఒకే సవరణ) ఇచ్చి సర్దొచ్చు. మార్కు ఒకసారి స్కాన్ మొదట్లో వస్తుంది, ఒకసారి చివర్లో. దానికి ఏ ఆఫ్‌సెట్ ఇస్తాం?

వైరు తీసి, సర్వోను నడిపే డ్రైవ్‌కున్న ఫాస్ట్ ఇన్‌పుట్‌లో పెట్టాను. సిగ్నల్ మారిన క్షణంలో ఎన్‌కోడర్ (మోటర్ ఎంత తిరిగిందో కొలిచేది) ఎక్కడుందో డ్రైవ్ హార్డ్‌వేరే పట్టేసుకుంటుంది. అది మైక్రోసెకన్ల పని, ప్రోగ్రామ్ దాన్ని కాస్త ఆగి చదువుకున్నా నష్టం లేదు. సీఐఏ 402 ప్రొఫైల్ (డ్రైవ్‌లకున్న ఒక ప్రమాణం) పాటించే డ్రైవ్‌లలో దీన్ని టచ్ ప్రోబ్ అంటారు. బొమ్మలో మిరపకాయ తొడిమ కూడా నల్లగా ఉండి సెన్సర్ దారిలోనే పడుతోంది. అందుకని మార్కు రావాల్సిన చోటికి అటూ ఇటూ 5 మి.మీ. మాత్రమే విండో తెరిచి, మిగతా చోట్ల సిగ్నల్ పట్టించుకోవద్దని పెట్టాను.

కటింగ్ కుదిరేసరికి ఓనర్‌కు ఆశ పుట్టింది. "స్పీడ్ డబుల్ చేద్దామా?" ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 3 మీ./సె² డిసిలరేషన్‌తో 300 స్పీడ్‌లో ఆగడానికి 15 మి.మీ. చాలు. 600కి వెళ్తే రెట్టింపు 30 కాదు, నాలుగింతలు 60 కావాలి. మనకున్నది 40. డిసిలరేషన్ పెంచితే ఫిల్మ్ రోలర్ మీద జారుతుంది. జారిన సంగతి మోటర్ ఎన్‌కోడర్‌కు తెలియదు. అందుకే ఆగే దూరం పెరిగేలా సెన్సర్‌నే ఇంకా వెనక్కి జరపమన్నాను. పొడుగు బ్రాకెట్ కొలతలు వెల్డింగ్ షాపులో ఇచ్చి వచ్చాం.