టీటీఎల్ 127
ఒకే స్విచ్‌లో వేరువేరుగా విడదీసిన నెట్‌వర్క్‌లను వీలాన్‌లు అంటారు. వీలాన్ 10లోని కంప్యూటర్ నుంచి వీలాన్ 20లోని కంప్యూటర్‌కు పంపిన పింగ్‌కు, అంటే అవతలి యంత్రం అందుతోందో లేదో చూసే చిన్న సందేశానికి, ఈ మధ్యాహ్నం మొదటి జవాబు వచ్చినప్పుడు, నా చూపు టీటీఎల్ విలువ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటింగ్ పరికరాలను దాటవచ్చో చెప్పే అంకె) దగ్గర ఆగిపోయింది. అది 127.

విండోస్ కంప్యూటర్ తన ప్యాకెట్‌ను 128తో పంపుతుంది, దారిలో రౌటింగ్ చేసే, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి ప్యాకెట్‌ను దాటించే, ప్రతి పరికరం అందులోంచి ఒకటి తగ్గిస్తుంది. ఒకే స్విచ్‌లో పక్కపక్క పోర్టులకు తగిలించిన రెండు యంత్రాల మధ్య ఆ ఒక్కటి తగ్గిందంటే, జవాబు నేరుగా దాటి రాలేదనీ, లేయర్ 3 స్విచ్ (రౌటింగ్ కూడా చేయగల స్విచ్) దాన్ని 192.168.20.1 అనే గేట్‌వే (వీలాన్ 20 నుంచి బయటికి వెళ్లే ద్వారం) దగ్గర అందుకుని, రౌటింగ్ పట్టిక చూసి, మ్యాక్ చిరునామాలు (పరికరాల హార్డ్‌వేర్ చిరునామాలు) మార్చి ఇవతలి వీలాన్‌లోకి పంపిందనీ అర్థం. ఇంత పని జరిగినట్టు తెరమీద కనిపించే గుర్తు ఆ అంకె ఒక్కటే, అందుకే నాకు అది ఎంతో సంతోషాన్నిచ్చింది.

అంతకుముందు చాలాసేపు వీలాన్ 20 ఇంటర్‌ఫేస్ (స్విచ్‌లో ఆ వీలాన్‌కు గేట్‌వేగా పనిచేసే భాగం) డౌన్‌లోనే ఉంది. ఆ వీలాన్‌లో పనిచేస్తున్న పోర్టు ఒక్కటైనా లేనిదే అది సాధారణంగా అప్ కాదు. కేబుల్ తగిలించగానే అయింది.

రౌటింగ్ మొదలయ్యాక, అడ్డుకునే నియమాలేవీ లేకపోతే, రెండు వీలాన్‌ల మధ్య అన్ని దారులూ తెరుచుకుంటాయి. భద్రత కోసం విడదీసిన నెట్‌వర్క్‌లను అలా వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. ప్రింటర్‌కు వెళ్లే ట్రాఫిక్‌ను మాత్రం అనుమతించి, మిగతాదాన్ని యాక్సెస్ లిస్టుతో (దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే నియమాల జాబితాతో) ఆపడం రేపటి పని.