ఒక్క షూట్-త్రూ ప్రశ్నకి ఏడాది పట్టింది

మొన్న సాయంత్రం ఎంఎస్ రీసెర్చ్ సెలక్షన్ లిస్టులో నా పేరు చూసుకున్నా. అమ్మ ఏడ్చేసింది. మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

పోయినేడు గేట్ స్కోరు బాగానే ఉంది, ఇంటర్వ్యూలో పోయింది. త్రీ ఫేజ్ ఇన్వర్టర్ (డీసీని ఏసీగా మార్చే సర్క్యూట్) గీయమన్నారు, గీశాను. అందులో ఒక్కో ఫేజ్‌కి పైనొకటి కిందొకటి రెండు స్విచ్‌లు, ఆ జతే లెగ్. "ఒకే లెగ్‌లో పై స్విచ్, కింది స్విచ్ రెండూ ఆన్ చేస్తే?" "షార్ట్ అవుతుంది సార్, అందుకే ఒకటి ఆపి ఇంకోటి ఆన్ చేసేలోగా కాస్త గ్యాప్, డెడ్ టైమ్ ఇస్తాం." "కావాలనే ఆన్ చేసే ఇన్వర్టర్ తెలుసా?" చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పలాసలో రైలు దిగేదాకా అదే ప్రశ్న బుర్రలో తిరిగింది.

వాళ్లడిగింది జెడ్-సోర్స్ ఇన్వర్టర్ గురించి. ముందు ఇండక్టర్లు, కెపాసిటర్ల నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి, రెండు స్విచ్‌లూ కలిపి ఆన్ చేయడాన్ని (షూట్-త్రూ) అందులో వోల్టేజ్ పెంచడానికి వాడతారు. దాన్ని ప్రతిపాదించిన పెంగ్ 2003 పేపర్ చదివి ఫార్ములాలు బట్టీ పట్టాను, నిలవలేదు. ఓ రాత్రి కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు దగ్గర గ్రాఫ్ పేపర్ మీద కారియర్ (వేగంగా ఎక్కిదిగే త్రికోణ తరంగం), మూడు రిఫరెన్సులు (మనకి కావాల్సిన ఏసీ తరంగాలు), సింపుల్ బూస్ట్ అనే పద్ధతికి పైనొకటి కిందొకటి అడ్డగీతలు గీశాను. కారియర్ ఆ గీతలు దాటిన చోటల్లా ఎర్ర పెన్నుతో నింపుతూ పోయాను. ఎరుపంతా, అంటే షూట్-త్రూ అంతా, లోడ్‌కి వోల్టేజ్ అందని జీరో స్టేట్‌లలోనే పడింది! వోల్టేజ్ అందే యాక్టివ్ స్టేట్ ఒక్కటీ కదల్లేదు. లోడ్‌కి జీరో స్టేట్ అయినా షూట్-త్రూ అయినా అందే వోల్టేజ్ సున్నానే. ఆ సందులో ఇండక్టర్లు ఎనర్జీ నింపుకుంటాయి, డీసీ లింక్ (స్విచ్‌లకి అందే డీసీ) వోల్టేజ్ పెరుగుతుంది. ఎరుపు తీసేసి మాడ్యులేషన్ ఇండెక్స్ (కారియర్‌తో పోలిస్తే రిఫరెన్స్ ఎత్తు) తగ్గిస్తే మామూలు ఇన్వర్టర్‌లా వోల్టేజ్ తగ్గుతుంది.

ఒక లెక్క మీరే చేసి చూడండి. ఇన్‌పుట్ 100 వోల్టులు, గెయిన్ (అవుట్‌పుట్ ఫేజ్ పీక్ వోల్టేజ్ ఇన్‌పుట్‌లో సగానికి ఎన్ని రెట్లో) 2. సింపుల్ బూస్ట్‌లో ఇండెక్స్ 0.67కి దిగాలి, స్విచ్ మీద 300 వోల్టులు పడతాయి. మాగ్జిమమ్ కాన్‌స్టాంట్ బూస్ట్ అనే ఇంకో పద్ధతిలో ఇండెక్స్ 0.81, స్విచ్ మీద సుమారు 246. మూడో పద్ధతి మాగ్జిమమ్ బూస్ట్‌లో స్విచ్ మీద పడే వోల్టేజ్ (స్ట్రెస్) ఇంకా తక్కువే, కానీ అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీకి 6 రెట్ల ఫ్రీక్వెన్సీతో రిపుల్ (హెచ్చుతగ్గులు) ఇండక్టర్ కరెంట్‌లోకి వచ్చేస్తుంది. ఏ మెథడ్ మంచిదని అడిగితే నేనైతే కాన్‌స్టాంట్ బూస్ట్ అనే చెప్తా.

మిగతాదంతా మీకు తెలిసిందే: మెషీన్స్, కంట్రోల్, పాత పేపర్లు. పొద్దున్నే లేవండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి, ఒక్క రోజూ వదలొద్దు. పాతపట్నంలో పిన్ని కూతురి పెళ్లికి నేను వెళ్లలేదని ఇప్పటికీ అంటున్నారు. ఆ వారం వదిలేస్తే మళ్లీ కూర్చోలేనని నాకు తెలుసు. తప్పు చేశాననుకోను.

ఈసారి ఇంటర్వ్యూలో ఇన్వర్టర్ గీయమనగానే ఎర్ర చాక్‌పీస్ అడిగి తీసుకున్నాను.